కార్డు వద్దు, ఇన్‌లాండు రాయమనండి

శ్రోతలకు నమస్కారం.

అక్టోబరు 9 ప్రపంచ తపాలా దినం. 1874లో ఆ రోజునే స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో చాలా దేశాలు కూర్చుని, ఒకరి ఉత్తరం ఇంకొకరి సరిహద్దు దాటడానికి ఒప్పందం చేసుకున్నాయి. అది మంచి విషయమే. కానీ ఆ ఒప్పందం తాడేపల్లిగూడెంలో మా వీధి చివరి పెంకుటింటి దాకా వచ్చిందంటే, ఆఖరి అరమైలు దాన్ని మోసుకొచ్చింది మడ్‌గార్డు ఊగిపోయే ఒక పాత సైకిలు. ఆ సైకిలు తొక్కినాయన గురించే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా వీధిలో సగం మంది గుర్తుపట్టరు. అందరికీ ఆయన పోస్టాయనే. "పోస్టాయనా, మాకేమన్నా ఉందా?" అనడమే తప్ప పేరుతో పనిపడలేదు ఎవరికీ.

2020 జూలైలో తమిళనాడులో ఐఏఎస్ అధికారిణి సుప్రియా సాహు ఒక పోస్టుమాన్ గురించి ట్విట్టర్‌లో రాశారు. కూనూరు ప్రాంతంలో డి. శివన్ అనే ఆయన దట్టమైన అడవిలో రోజూ 15 కిలోమీటర్లు నడిచి ఉత్తరాలు ఇచ్చేవారట. ఏనుగులు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు వెంటపడినా, జారే వాగులు దాటుకుంటూ 30 ఏళ్లు చేసి అప్పుడే రిటైరయ్యారని ఆ కబురు. అది చదివి, మా పోస్టాయనకు ఏనుగులు లేవు కదా అనుకున్నాను. ఆయనకున్నవి రెండు వీధికుక్కలు, ఒక మామ్మ. కుక్కలే నయం.

మామ్మ అంటే మా ఎదురింటి మామ్మ. ఆవిడ కొడుకు మిలిటరీలో ఉండేవాడు. అతని ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు, కేరాఫ్ 56 ఎ.పి.ఓ. అని, అంటే సైన్యం పోస్టాఫీసు నంబరు మాత్రం ఉంటుంది. సైనికుడు మంచుకొండల్లో ఉన్నా ఎడారిలో ఉన్నా చిరునామా అదే. మామ్మేమో అదొక ఊరనుకునేది. "యాభయ్యారులో ఈ ఏడు చలెక్కువటగా?" అని వచ్చేపోయేవాళ్లని అడిగేది. అది ఊరు కాదు మామ్మగారూ అని పోస్టాయన ఎన్నిసార్లు చెప్పాడో! ఉత్తరం ఆలస్యమైతే మాత్రం తప్పంతా ఆయనదే. "నువ్వే ఎక్కడో పారేసుంటావు, ఆ సంచీ కుమ్మరించు" అనేది. ఆయన నిజంగానే అరుగు మీద సంచీ కుమ్మరించేవాడు. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూసేది, చదువు రాకపోయినా.

ఉత్తరం వచ్చిన రోజు చదివిపెట్టేదీ ఆయనే. "ఇచ్చట నేను క్షేమం, అచ్చట మీరు క్షేమమని తలుస్తాను" అన్న వాక్యాన్ని ఆయన గబగబా దాటేస్తే మామ్మ ఒప్పుకునేది కాదు. మళ్లీ మొదట్నుంచీ, నిదానంగా చదవాలి. ఇంకా పదిళ్లకు ఇవ్వాల్సిన ఉత్తరాలు సంచీలో ఉంటాయి, ఎండ నడినెత్తికి వస్తుంది. అయినా చదివేవాడు.

మనియార్డరు వస్తే అదో చిన్న పండగ. ఇంకు రాసి బొటనవేలి ముద్ర వేయించాలి, పక్కన చదువొచ్చిన సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి మా నాన్న. పోస్టాయన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి మామ్మ చేతిలో పెట్టేవాడు. ఫారం అడుగున పంపినవాళ్లు రెండు ముక్కలు రాసుకోవడానికి చిన్న చీటీ ఉండేది. దాన్ని చింపి చేతికిస్తారు. కొడుకు రాసిన ఆ చీటీలన్నీ మామ్మ వాసానికి వేలాడదీసిన ఇనపతీగకు గుచ్చుకుంది. పాత పద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయింది. ఇప్పుడు పోస్టాఫీసు వాళ్ల పేమెంట్స్ బ్యాంకు వచ్చాక పోస్టుమాన్ ఇంటికే మిషను తెచ్చి వేలిముద్ర మీద డబ్బిస్తున్నాడు. ఇంకు పోయింది, వేలు మిగిలింది.

ఉత్తరం మీద గూడెం అని రాస్తే ఏ గూడెం? కొత్తగూడెమా, జంగారెడ్డిగూడెమా, మనదా? 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది అందుకే. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. ఆరంకెల్లో దేశాన్ని ఇమిడ్చిన మనిషి కవి కావడం నాకెందుకో బాగుంటుంది. మాది 534101, కొత్తగూడెం 507101. ఇంత సదుపాయం ఉన్నా మా వీధికి "వేపచెట్టు ఇల్లు, గూడెం" అని వచ్చిన ఉత్తరాలున్నాయి. అవీ చేరాయి. వేపచెట్టు కొట్టేసిన తర్వాత కూడా చేరాయి.

ఆయన సైకిలు బెల్లు పదకొండు గంటలకు వీధి మొదట్లో మోగేది. మాఘమాసంలో, శ్రావణంలో అయితే శుభలేఖల అంచులకు రాసిన పసుపు అంటుకుని ఆయన వేళ్లు, సంచీ మూతా పచ్చగా ఉండేవి. బెల్లు కూడా కాస్త ఎక్కువ మోగేదనుకుంటా. కానీ కొన్ని రోజులు బెల్లు మోగేది కాదు. ఆయన సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. ఎవరి ఇంటి ముందు ఆగుతాడా అని అందరి కళ్లూ ఆయన మీదే. చావు కబురు తెచ్చిన కార్డును ఆడవాళ్ల చేతికి, పిల్లల చేతికి ఇచ్చేవాడు కాదు. ఇంట్లో పెద్దాయన్ని వీధిలోకి పిలిచి, గుమ్మం దాటకుండా ఇచ్చి, పక్కన నిలబడేవాడు. చదివిన కార్డును అక్కడే చింపేసేవాళ్లు, అలాంటిది ఇంట్లోకి తీసుకెళ్లకూడదని. ఆ పూట మిగతా ఇళ్లకు కూడా బెల్లు కొట్టకుండానే ఉత్తరాలిచ్చి వెళ్లేవాడు.

దసరాకు మామూలుకి వచ్చేవాడు. అది అందరికీ తెలిసిందే, దాచాల్సిందేం లేదు. ఐదిచ్చినవాళ్లున్నారు, పదిచ్చినవాళ్లున్నారు. మామ్మ ఒక్క రూపాయి ఇచ్చేది. తీసుకునేవాడు. ఒకసారి మా అమ్మ, పాపం ఆవిడ దగ్గర ఎందుకు తీసుకుంటావు అని అడిగింది. "తీసుకోకపోతే రేపట్నుంచి నన్ను తిట్టదండీ" అన్నాడు.

కార్డు అంటే విప్పిన కాగితమే కదా, ఇన్‌లాండులా మడిచి అంటించేది కాదు. పదిహేను పైసల కార్డు మీద రాసింది చదవాలనుకున్నవాడు ఎవడైనా చదవొచ్చు. అలా ఆయనకు మా వీధి మొత్తం తెలుసు. ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయిందో, ఎవరి అప్పు ఎంత ఉందో, ఏ కొడుకు డబ్బు పంపడం మానేశాడో. ఒక ఇంట్లో తెలిసింది ఇంకో ఇంట్లో పడేసిన పాపాన పోలేదు. మా వీధి ఆడవాళ్లు మజ్జిగ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి ఎంత గుచ్చి అడిగినా, మజ్జిగ తాగి లేచిపోయేవాడు.

ఈ సంగతి నాకు ఈమధ్యే ఇంకా బాగా తెలిసింది. మా వీధికి అప్పట్లో కోడలిగా వచ్చినావిడ, ఇప్పుడు మనవళ్లను ఎత్తుకున్నావిడ, పోస్టాయన పోయారని తెలిసి మాటల్లో చెప్పింది. పెళ్లయిన కొత్తలో అత్తగారింటి కష్టాలు తల్లికి రాసిందట. తల్లి తెలిసో తెలియకో కార్డు మీద జవాబు రాసేసింది, "మీ అత్తగారు అన్న మాటలకు" అంటూ మొదలుపెట్టి. ఆ కార్డు ఇంటికి రాలేదు. వీధి కుళాయి దగ్గర బిందె నిండే లోపల ఆవిడ చేతికే వచ్చింది.

"అమ్మా, మీ అమ్మగారిని ఇకనుంచి కార్డు వద్దనండి. ఇన్‌లాండు రాయమనండి" అన్నాడట. అంతే. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

"చదివేశాడని సిగ్గుతో చచ్చిపోయాననుకో" అంది ఆవిడ. "వారం రోజులు కుళాయి దగ్గర తలెత్తలేదు. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టే బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు."

లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి ఒక కట్ట తెచ్చి చూపించింది. తల్లి రాసినవన్నీ తారీఖుల ప్రకారం పేర్చి, పాత లంగా నాడాతో కట్టి ఉంచింది. అన్నిటికన్నా పైన, అంచులు మెత్తబడిన ఒకే ఒక్క కార్డు. దాని కింద ఉన్నవన్నీ నీలం ఇన్‌లాండ్లే.