పేటెంటు సరే, కొనేదెవరు?

వ్యాఖ్యాత: నమస్కారం. పేటెంటు ఉన్న కలుపు తీసే యంత్రానికి నకళ్లు రైతు మేళాలోనే సగం ధరకు దొరికాయన్న రగడ మీద ఈ రాత్రి చర్చ. ఇలాంటి యంత్రాలను ప్రభుత్వమే కొని ఇవ్వాలి కదా?

పరిశ్రమ యజమాని: పేటెంటు అంటే ఇతరులను ఆపే హక్కు. అంతే! అమ్మకాలు దానంతట అవే రావు. కొనేవాళ్లెవరో, ఎంత పెట్టగలరో తెలుసుకోకుండానే…

న్యాయవాది: ఆపే హక్కైనా ఉండాలంటే మేళాలో చూపించకముందే దరఖాస్తు…

యజమాని: నన్ను పూర్తి చేయనివ్వండి. చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం చూడండి. ఆసు అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పడం; యంత్రం లేకపోతే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి భుజాల నొప్పి చూసి చేశారాయన. గిరాకీ ఇంట్లోనే కనిపించింది!

రైతు ప్రతినిధి: కనిపించినా, యంత్రం తయారవడానికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఖర్చు ఎవరు పెట్టాలి?

వ్యాఖ్యాత: అందుకే ప్రభుత్వం కొంటే…

న్యాయవాది: తయారుచేసే స్తోమత లేకపోతే వేరేవాళ్లకు లైసెన్సు ఇచ్చి రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, తీసుకోవచ్చు. పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు…

యజమాని: ఎన్ని అమ్మారో లెక్క ఎవరు చూపిస్తారండీ? అమ్మినా అమ్మకపోయినా ఏటా ఇంత అని రాయించుకోవాలి. ఒక్క కంపెనీకే హక్కు కట్టబెడితే, అది అటక మీద పెట్టేస్తే?

న్యాయవాది: చట్టంలో తప్పనిసరి లైసెన్సు ఉంది, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా వేరేవాళ్లకు తయారీ అనుమతి ఇవ్వొచ్చు. 2012లో క్యాన్సర్ మందు నెక్సావర్‌కు…

వ్యాఖ్యాత: ఆ లైసెన్సు పొందింది మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో! నెలకు 2.8 లక్షల రూపాయలయ్యే మందు 8,800కు వచ్చింది. అంటే ప్రభుత్వం తలచుకుంటే…

యజమాని: ప్రాణం నిలిపే మందుకూ కలుపు యంత్రానికీ పోలికేమిటి?

రైతు: బేరింగు పోతే మండలంలో దొరకదు. కలుపు అదను పది రోజులు. మరమ్మతుకు పట్నం పంపితే ఈలోపు గడ్డి మోకాలెత్తు. అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు.

యజమాని: నేనన్నదీ అదే! ముందు మరమ్మతు చేసేవాళ్లు, తరువాతే ప్రకటనలు.

న్యాయవాది: మీరు ఆ మాటే అనలేదు…

యజమాని: మొదటి నుంచీ అదే అంటున్నాను!

వ్యాఖ్యాత: సమయం లేదు. ప్రభుత్వమే కొనాలని అందరూ…

రైతు: ఎవరన్నారండీ?

యజమాని: ఒక్క నిమిషం, మల్లేశం గారి విషయంలోనే ఇంకో మాట…