నాలుగు స్తంభాల శ్రీశైలం

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న మా డ్రైవరన్నలకు, కండక్టరన్నలకు, గ్యారేజీ వాళ్లకు, వాళ్లను ఇంట్లోంచి తరిమి ఇక్కడికి పంపిన వదినమ్మలకు నమస్కారం. ఈరోజు సెప్టెంబరు 29, ప్రపంచ గుండె దినం. గుండె కోయించుకుని కూడా ఇంత గట్టిగా మాట్లాడేవాణ్ణి మన సంఘంలో నేనొక్కణ్ణేనట, అందుకే మైకు నాకిచ్చారు. టైము పది నిమిషాలు. డ్రైవరును కదా, టైముకే దింపుతా.

2016 నవంబరులో, నోట్లు రద్దయిన వారమే నాకు హైదరాబాదులో బైపాస్ చేశారు. రొమ్ము ఎముక కోసి, ఎడమకాలి నరం తీసి గుండెకు కుట్టారు. చుట్టాలంతా ఏటీఎం లైన్లలో ఉండి ఆలస్యంగా వచ్చారు గానీ, వచ్చాక వదల్లేదు. మంచం దిగొద్దన్నారు. ఒక పెద్దామె అయితే "కదిలితే లోపలి కుట్లు ఊడతాయి నాయనా" అని ఏడ్చింది. వాళ్ల మీద నాకు కోపం లేదు, ప్రేమకొద్దీ అన్నారు. నా కోపమంతా ఒక కాగితం మీద. డిశ్చార్జి రోజు ఏ మాత్ర ఎప్పుడు మింగాలో మూడుసార్లు చెప్పారు. ఆపరేషనైన మూడో రోజే వరండాలో నడిపించినవాళ్లు, ఇంటికి పోయాక ఎంత నడవాలో మాత్రం చెప్పలేదు. ఆ కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. తిప్పి తిప్పి చూశా, నడక అన్న మాటే లేదు.

ఏం చేస్తాం, రెండు నెలలు పడుకున్నా. గుండె కుదురుకుంది గానీ మనిషిని కుదురుకోలేదు. తొడలు సన్నబడిపోయాయి. దగ్గొస్తే దిండు రొమ్ముకు అదుముకుని దగ్గమన్నారు. దగ్గు పోయినా దిండు వదల్లేదు, పక్కగదిలోకి పోవాలన్నా చంకలో దిండే. పిల్లలు నవ్వేవాళ్లు.

సంక్రాంతి దాటాక మా కండక్టర్ భాయ్ వచ్చాడు. శ్రీశైలం రూటులో మేమిద్దరం ఎన్నేళ్లు తిరిగామో మీకు తెలుసు. లోపలికొచ్చి కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. "లేయండి సాబ్, బండి టైమయింది" అన్నాడు. మా ఆవిడ వాణ్ణి కొట్టినంత పని చేసింది.

మా వీధిలో కరెంటు స్తంభాలున్నాయి. మొదటి స్తంభం నందికొట్కూరు అన్నాడు. రెండోది ఆత్మకూరు, మూడోది దోర్నాల. టీ అంగడి ముందరి నాలుగో స్తంభం శ్రీశైలం. మొదటిరోజు నందికొట్కూరు కూడా చేరలేదు. గోడ పట్టుకుని నిలబడిపోతే, "బ్రేక్‌డౌన్! ప్యాసింజర్లంతా వెనక బండిలో రండి" అని వీధంతా వినబడేలా అరిచాడు. నవ్వితే రొమ్ములో నొప్పి, అయినా నవ్వా. వారానికి ఆత్మకూరు చేరాం. దోర్నాల దాటాక మా వీధి కొంచెం ఎత్తు, "ఘాటు రోడ్డు సాబ్, సెకండ్ గేరు" అనేవాడు. పదిహేడో రోజు శ్రీశైలం చేరి టీ తాగాం, చక్కెర లేకుండా.

నడిచేటప్పుడు స్టేజీల పేర్లు చెప్పించేవాడు. ఊపిరి ఆడక నేను మధ్యలో ఆగానా, "హోల్డాన్!" తర్వాత ఒక డాక్టరుకు చెబితే, మేమూ ఇదే చెబుతాం అన్నాడు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే సరైన వేగమట. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, చల్లచెమట పట్టినా వెంటనే ఆగి కూర్చోవాలి. ఆ రోజుకు బండి డిపోకే, అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికే. మొండితనం పనికిరాదు.

మా అమ్మాయి చదివి వినిపించిన సంగతొకటి చెప్పాలి. 1953లో, అంటే మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాదే, ఆ మూడేళ్ల ముచ్చట ఇప్పుడెందుకులెండి, ఆ ఏడాది లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సు సిబ్బంది గుండెజబ్బుల లెక్క బయటపెట్టాడు. రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా, సీట్లో కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువ. భాయ్‌కి చెబితే, "నేను నీకు ఇరవై ఏళ్లుగా చెప్పలేదా, కొంచెం దిగి నిలబడు అని" అన్నాడు. చెప్పాడు. నేను సీట్లోనే కూర్చుని బీడీ కాల్చా. అది నా తప్పు, ఎవరి మీదా వెయ్యను.

ఉగాది ముందు ఆ రూటులో కన్నడ భక్తులు మల్లయ్య దగ్గరికి నడిచి పోతుంటారు కదా. కొయ్యకాళ్లు కట్టుకుని నడిచేవాళ్లనూ చూశాం. ఎండకు జాలేసి బండి ఆపి ఎక్కండి స్వామీ అంటే, "బేడ, బేడ" అని చెయ్యి ఊపేవాళ్లు. పిచ్చోళ్లు అనుకుని గేరు వేసేవాణ్ణి. నేను నందికొట్కూరు స్తంభం ముట్టుకున్న రోజు ఎందుకో వాళ్లే గుర్తొచ్చారు.

ఫోనులో పదివేల అడుగులు కాలేదని టెన్షన్ పడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, నాకు తెలుసు. ఆ పదివేలు జపాన్‌లో 1965లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చిన లెక్క. అమ్మకం మాట పట్టుకుని నిద్ర చెడగొట్టుకోవద్దు. ఆ ఎండాకాలానికి మేం కేసీ కెనాల్ గట్టు ఎక్కాం. మన ఊరి ఎండ మీకు తెలిసిందే, ఐదున్నరకు మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఇంటికి. అరగంట, వారానికి ఐదు రోజులు. అంతే.

అన్నా, ఇక్కడున్న వాళ్లలో స్టెంట్లు వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లు చేతులెత్తండి. సిగ్గెందుకు? సరే, దించండి. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, ఎంత నడవాలో చీటీ మీద రాయించుకునే బయటికి రండి. రాయనంటే కుర్చీలోంచి లేవొద్దు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క నిమిషం, స్టేజీ వచ్చేసింది.

భాయ్ ఈరోజు ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. మోకాళ్లు పట్టేసి నాలుగు నెలలుగా ఇల్లు కదలడం లేదు. మెల్లగా నడిస్తేనే మోకాళ్లకు మంచిదని డాక్టరు చెప్పాడు. కొడుకులేమో వద్దు అబ్బా, పడుకో అంటున్నారు. వాళ్ల వీధిలో స్తంభాలు మా వీధి కన్నా దూరం దూరం, నిన్న పోయి చూసొచ్చా. ఒక్కణ్ణే పట్టుకోలేను, చెరోపక్కన మనిషి కావాలి. రేపు పొద్దున ఐదున్నరకు వాళ్లింటి ముందుకు ఇద్దరు రండి. విజిల్ నేను తెస్తా.