రోజువారీ ఫైనాన్స్: వడ్డీ లెక్క, కాగితాల లెక్క
(చిరు వ్యాపారుల అవగాహన సదస్సులో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

రోజువారీ ఫైనాన్స్‌వాళ్లు పది వేలు అప్పు రాసి, ముందే పదిహేను వందలు పట్టుకుని, 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయేది పదిహేను వందలేగా అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు వంద రోజులూ మీ దగ్గర ఉండదు, మర్నాటి నుంచే తిరిగి వెళ్లిపోతుంటుంది. సగటున మీరు వాడుకునేది సుమారు నాలుగున్నర వేలే. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి 120 శాతం దాటుతుంది. అంటే నెలకు నూటికి పది రూపాయలు. మూడు రూపాయల వడ్డీ అంటేనే ముక్కున వేలేసుకునే మనం దీన్ని మాత్రం గమనించం.

అరవై రోజులు కట్టాక చేతులాడకపోతే, "కొత్తది రాద్దాం" అంటాడు ఫైనాన్స్‌వాడు. కొత్త పది వేలలో పాత బాకీ నాలుగు వేలు, మళ్లీ పదిహేను వందలు మినహాయించి 4,500 ఇస్తాడు. పాత నాలుగు వేలలో రాబోయే నలభై రోజుల వడ్డీ కలిసే ఉంది. దాని మీద మళ్లీ వడ్డీ! అప్పు తీరకపోవడానికి అసలు కారణం ఇదే.

వడ్డీ కన్నా ప్రమాదం ఖాళీ ప్రోనోటు. 2015లో విజయవాడ కాల్ మనీ (అడగ్గానే అప్పిచ్చి అధిక వడ్డీ గుంజే దందా) కేసుల్లో సోదాలు చేస్తే ఇవే దొరికాయి. స్టాంపు మీద సంతకం చేసి ఖాళీగా ఇస్తే, అంకె నింపుకునే అధికారం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అవతలివాడికి ఇస్తుంది. అందుకే మొత్తం, తేదీ, పేరు రాశాకే సంతకం పెట్టండి, ఫోటో తీసుకోండి. కట్టేది ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో కట్టండి. నగదైతే వెనక చెల్లు రాయించుకోండి. తీరిన రోజే నోటు, చెక్కులు వెనక్కి తీసుకోండి.

మరి డబ్బెక్కడ దొరుకుతుంది? తోపుడుబండి వాళ్లకు కేంద్ర ప్రభుత్వ రుణ పథకం పీఎం స్వనిధి ఉంది. మున్సిపాలిటీ గుర్తింపు కార్డు గానీ సిఫారసు లేఖ గానీ ఉంటే మొదటి విడత 15,000 వరకు బ్యాంకు ఇస్తుంది, వాయిదాలు తప్పకపోతే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. డ్వాక్రా సభ్యులు సంఘంలోనే స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) గురించి అడగండి. ఇంట్లో కాస్త బంగారముంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఫైనాన్స్ బాకీ ఒక్కసారే తీర్చేయడం మేలు. నగ మీద మమకారం ఉంటుంది, నిజమే, కానీ పది రూపాయల వడ్డీ ముందు అది ఖరీదైన మమకారం.

లోన్ యాప్ ఫోనులోని కాంటాక్టులు, ఫోటోలు అడిగితే వెంటనే తీసేయండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అవి చూడకూడదు. అప్పిచ్చే సంస్థ పేరు, ఏడాది మొత్తం ఖర్చు శాతం ముందే కాగితంలో చూపాలి. ఫోటోలు మార్చి బెదిరిస్తే ఇంకో రూపాయి కట్టకుండా స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఖాళీ నోటు ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టు నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి. మీరు హాజరు కాకపోతే అప్పిచ్చినవాడు నింపుకున్న అంకే నిలబడే ప్రమాదం ఉంది.