ఎక్కినా పారని గుర్రం

అందరికీ నమస్కారం. పశువైద్యం చదువుతున్న మీకు గుర్రం ఎముకల గురించీ రోగాల గురించీ చెప్పేంత చదువు నాకు లేదు. విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి పేరుతో చేసిన పని నాది. గుర్రాలను మచ్చిక చేస్తాను.

సుమతీ శతకంలో పద్యం మీకందరికీ వచ్చు. అక్కరకు రాని చుట్టాన్నీ, మొక్కినా వరమివ్వని వేల్పునూ, ‘మోహరమున దా నెక్కిన బారని గుర్రము’నూ గ్రక్కున విడిచిపెట్టమంటాడు. చుట్టం సంగతి మీ ఇష్టం. గుర్రం దగ్గర మాత్రం ఆ కవితో నాకో పేచీ ఉంది. పారలేదు సరే, అంతకుముందు దాన్ని పట్టినవాడెవడు? ఎలా పట్టాడు? ఆ ముక్క అడగకుండానే తీర్పు చెప్పేశాడు.

కొన్నేళ్ల కిందట మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలో ఒకాయన మార్వాడీ జాతి ఆడ గుర్రప్పిల్లను కొని, హైదరాబాద్ శివార్లలో మా దగ్గరికి పంపించాడు. రెండేళ్ల వయసు. ఆ జాతికి చెవులు లోపలికి వంగి కొసలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. నుదుట తెల్లమచ్చ ఉందని చుక్క అని పిలిచాం. లారీ దిగేసరికి ఒళ్లంతా చెమట, కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది, తోక కాళ్ల మధ్య బిగించేసింది. మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు, గోడకు కరుచుకుపోయేది.

మా దగ్గర గుర్రాల బాగోగులు చూసే పెద్ద సైస్ పాత పద్ధతి చెప్పాడు. గుంజకు కురచగా కట్టేసి, ఎదురుగా గోనెసంచి దులుపుతూ ఉండటం. గింజుకుని గింజుకుని చివరికి ఆగిపోతుంది. నిజమే, ఆగిపోతుంది. కానీ అలా ఆగిన గుర్రం కళ్లు చూడండి. అది భయం పోయి ఆగింది కాదు, ఇక చేసేదేం లేదని వదిలేసుకుంది. అలాంటివి ఏడాదిపాటు బుద్ధిగా ఉండి, ఒకరోజు ఏ బారాత్ మధ్యలోనో పేలిపోతాయి. అప్పుడు జనం ‘పిచ్చి గుర్రం’ అంటారు.

నేను ఒక బకెట్ బోర్లించుకుని ఆ కొట్టం మూల కూర్చున్నాను. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. ఐదు రోజులు ముట్టుకోలేదు. నేరుగా కళ్లలోకి చూడలేదు. గుర్రం కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది దానికి. సరిగ్గా నుదుటి ముందూ, తోక వెనకా మాత్రం చీకటి. మనవాళ్లు ముద్దొస్తోందని తిన్నగా వెళ్లి నుదుటి మీదే చెయ్యి పెట్టబోతారు. దాని వైపు నుంచి చూస్తే, వస్తున్న చెయ్యి ఉన్నట్టుండి మాయమవుతుంది! అందుకే నేను భుజం పక్కగా వెళ్తాను.

ఆరో రోజున లేచి ఒక్కో అడుగే వేశాను. ఎక్కడో ఒక చోట తల పైకెత్తుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. అదీ గీత. దానికి ఒక అడుగు ఇవతలే ఆగాలి. తల కాస్త దించినా, పెదాలు నాక్కున్నా, నిట్టూర్చినా వెంటనే వెనక్కి తగ్గాలి. ఆ తగ్గడమే దానికి జీతం. చెయ్యి వేసినప్పుడు గుర్రం ఏమీ నేర్చుకోదు, తీసినప్పుడు నేర్చుకుంటుంది. తలతాడు కొద్దిగా బిగించి, అంగుళం దించగానే వదిలేశామనుకోండి, దించితే సుఖమని దానికి తెలుస్తుంది. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే ఈలోగా తల విదిలిస్తుంది, విదిలిస్తే సుఖమని నేర్చుకుంటుంది. తప్పు దానిది కాదు.

మొదట మూపు గోకాను. గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునే చోటు అది, అక్కడ గోకితే గుండె నెమ్మదిస్తుంది. మొదటిసారి దవడ కింద వేలు పెట్టనిచ్చినప్పుడు నాడి నిమిషానికి 64. నిలకడగా ఉన్న పెద్ద గుర్రానికి 28 నుంచి 44 ఉంటుందని మీకు తెలుసు.

మూడో వారంలో నేనే చెడగొట్టాను. టీకా వేసే డాక్టరుగారు గేటు దగ్గరికి వచ్చేశారు, నేను హడావిడిలో ఉన్నాను, గబుక్కున తాడందుకున్నాను. ముందుకాళ్లెత్తి లేచింది. నా అరచేయి తోలు ఊడింది. అంతకుముందు దగ్గరికి వచ్చేది మళ్లీ గోడకు కరుచుకుంది. పన్నెండు రోజులు పట్టింది పాత చోటికి రావడానికి.

నవ్వు మొహం పెట్టి వెళ్తే మోసపోదా అంటారేమో. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని వింతగా చెప్పుకునేవారు. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే ఆయన పరీక్షించి తేల్చాడు, దానికి లెక్కలు రావు. డెక్కతో తడుతూ, సరైన అంకె దగ్గర ఎదుటి మనిషి తనకు తెలియకుండానే తల కదిపిన ఆ రవ్వంత కదలికను పట్టుకునేది. అలాంటి జీవి దగ్గర మీ చిరాకు దాగుతుందా?

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది’ అని మా సైస్ రోజూ దెప్పేవాడు. మెత్తదనం వేరు, ఓపిక వేరు. భుజంతో తోసినా, చొక్కా కొరికినా నేను ఊరుకోను, ఆ క్షణమే ‘హే’ అని రెండడుగులు వెనక్కి పంపిస్తాను, అంతటితో మర్చిపోతాను. బెల్లం కూడా చేత్తో పెట్టను, తొట్టిలోనే వేస్తాను, చేతికి అలవాటైతే వేళ్లకే ముప్పు. ఇక మూడు కాళ్లంటారా, నాకు కావలసింది అదే. నాలుగో కాలు లాడాలు కొట్టే నాల్‌బంద్ చేతిలో ఉండాలి! తొమ్మిదో వారంలో చుక్క నాలుగు డెక్కలూ చెక్కించుకుంది, కట్టేయకుండా. సైస్ ఏమీ అనలేదు, ఆ సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు మాత్రం రెండు దోసిళ్లు ఎక్కువ వేశాడు.

నాకు గుర్తుండిపోయింది ఇంకో రోజు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. కానీ గాఢంగా, కలలొచ్చే నిద్ర పోవాలంటే మాత్రం పడుకోవాలి, నమ్మకం లేని చోట రోజుల తరబడి పడుకోదు. చుక్క మనుషులుండగా పడుకోవడం అప్పటిదాకా మేమెవరం చూడలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, నేను నా మూల బకెట్ మీద ఉన్నాను. అది రెండుసార్లు నేల వాసన చూసి, మోకాళ్లు మడిచి, పక్కకు ఒరిగి తల నేలకు ఆన్చేసింది. కాసేపటికి పై పెదవి అదిరింది, డెక్కలు గాల్లో పరుగెడుతున్నట్టు కదిలాయి. నాకు కాలు తిమ్మిరెక్కింది. లేస్తే బకెట్ చప్పుడవుతుందని అలాగే కూర్చున్నాను.