ఛాతీకి దెబ్బ తగిలితే రెండు రోజులు జాగ్రత్త

శ్రోతలకు నమస్కారం.

బండి జారి పడిన మనిషి తనంతట తాను లేచి బట్టలు దులుపుకుంటే చుట్టూ ఉన్నవాళ్ల మనసు కుదుటపడుతుంది. తల పగల్లేదు, రక్తం కారడం లేదు, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి. హ్యాండిల్ ఛాతీకి గట్టిగా తగిలిందని ఆయన చెబుతూనే ఉంటాడు. కమిలి ఉంటుందిలే, కాపడం పెడితే తగ్గిపోతుందని ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఈ రోజు నేను ఆ ఛాతీ దెబ్బ గురించే మాట్లాడతాను. చర్మం కమిలినట్టే లోపల ఊపిరితిత్తి కూడా కములుతుంది. అది కంటికి కనిపించదు. పైగా దెబ్బ తగిలిన రోజు కంటే మర్నాడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మన ఛాతీలో 12 జతల పక్కటెముకలుంటాయి. వాటి చాటున ఊపిరితిత్తులు, వాటి నిండా కోట్లకొద్దీ గాలిగదులు. ఒక్కో గది గోడ చాలా పల్చన, ఆ గోడల్లో సన్నని రక్తనాళాలు. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్ ఆ గోడ దాటి రక్తంలో కలుస్తుంది. లారీ స్టీరింగ్ గుద్దుకున్నా, తాటిచెట్టు మీద నుంచి పడినా, ఎద్దు కుమ్మినా, ట్రాక్టర్ తిరగబడినా ఆ విసురుకి సన్నని నాళాలు చిట్లుతాయి. రక్తం, నీరు మెల్లగా గాలిగదుల్లోకి ఊరతాయి. గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే ఆ మేరకు ఊపిరితిత్తి పనిచేయడం మానేస్తుంది.

ఇది చాలాసార్లు తొలి గంటలోనే బయటపడదు. 24 నుంచి 48 గంటల దాకా ముదురుతూ పోతుంది. అందుకే ఆసుపత్రికి వెళ్లగానే తీసిన ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. సీటీ స్కాన్‌లో అయితే ముందే తెలుస్తుంది. పొద్దున్న బాగానే ఉందన్నారు, సాయంత్రం మళ్లీ ఎక్స్‌రే ఎందుకు, బిల్లు పెంచడానికా అని బంధువులు అడుగుతుంటారు. ఆ అనుమానం ఎందుకు వస్తుందో అర్థం చేసుకోగలను. కానీ ఛాతీ దెబ్బ విషయంలో రెండో ఎక్స్‌రే దండగ కాదు.

పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ల పక్కటెముకలు మెత్తగా ఉంటాయి, దెబ్బ తగిలితే విరగకుండా వంగుతాయి. ఆ దెబ్బ జోరంతా లోపలి ఊపిరితిత్తి మీద పడుతుంది. ఎముక విరగలేదు కాబట్టి బిడ్డకి ఏమీ కాలేదనుకోకూడదు. ఎముకకు ఏమీ కాకుండానే ఊపిరితిత్తి దెబ్బతినొచ్చని ఇటలీ వైద్యుడు మోర్గాగ్ని 1761లోనే గమనించాడు.

మరి ఇంట్లోవాళ్లు ఏం కనిపెట్టుకుని ఉండాలి? ఆయాసం. కూర్చున్న మనిషికి ఎగశ్వాస రావడం, ఒక మాట పూర్తి చేయడానికి మధ్యలో ఆగి దమ్ము తీసుకోవడం, దగ్గితే కళ్లెలో నెత్తురు పడటం, పెదాలు నీలంగా మారడం, మనిషి మగతగానో తికమకగానో ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే వేలికి పెట్టి చూడండి. 94 కంటే తగ్గిందంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. అంకె బాగానే ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే మాత్రం మనిషినే నమ్మండి, మిషన్‌ని కాదు.

కొన్నిసార్లు విరిగిన ఎముక ఊపిరితిత్తికి గుచ్చుకుని, గాలి బయటికి కారి ఛాతీలో నిండిపోతుంది. అప్పుడు నిమిషాలే లెక్క. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏదైనా ఊచ ఛాతీలో దిగి ఉంటే దాన్ని లాగకండి, కదలకుండా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు, నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోనూవచ్చు.

పక్కటెముక విరిగిందనగానే చాలామంది చేసే పని, ఛాతీ చుట్టూ బిగించి కట్టు కట్టించడం. చెయ్యి విరిగితే కట్టు కడతాం కాబట్టి ఇదీ సబబే అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కట్టు బిగిస్తే ఛాతీ విచ్చుకోదు. అసలే నొప్పికి భయపడి మనిషి పైపై గాలి పీలుస్తాడు, దగ్గు వస్తే ఆపుకుంటాడు. లోపలి కళ్లె అక్కడే నిలిచిపోయి న్యుమోనియా వస్తుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకి, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లకి ఈ ముప్పు మరీ ఎక్కువ. నొప్పిని ఓర్చుకోవడం ఇక్కడ గొప్పతనం కాదు. నొప్పి తగ్గేలా మందు ఇవ్వమని డాక్టర్‌ని గట్టిగా అడగండి. నొప్పి తగ్గితేనే మనిషి నిండుగా గాలి పీల్చగలడు. దగ్గేటప్పుడు చిన్న దిండు ఛాతీకి అదిమి పట్టుకుంటే పోటు తగ్గుతుంది. మూడు బంతులుండే ఊపిరి వ్యాయామం పరికరం ఇస్తే దాన్ని మంచం పక్కన అలంకారంగా ఉంచకండి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వాడించండి.

ఇంకో మాట. ఆసుపత్రిలో సెలైన్ బాటిల్ వేలాడకపోతే వైద్యమే చేయడం లేదని కంగారు పడతాం. కమిలిన ఊపిరితిత్తికి ఎక్కువ సెలైన్ చేటు చేస్తుంది, ఉన్న నీటికి ఇంకా నీరు తోడవుతుంది. రక్తం ఎక్కువగా పోయినవాళ్లకి మాత్రం సెలైనో రక్తమో ఎక్కించక తప్పదు. ఎంత ఇవ్వాలన్నది డాక్టర్లు కొలిచి చూసుకుంటారు. ఈ గాయాన్ని నేరుగా మాన్పే మందు లేదు. ఆక్సిజన్ అందిస్తూ, నొప్పి తగ్గిస్తూ, ఊపిరితిత్తి తనంతట తాను కోలుకునేదాకా మనిషిని కాపాడుకోవడమే చికిత్స. గాయం పెద్దదైతే కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావచ్చు. వెంటిలేటర్ ఎక్కించారంటే ఇక ఆశ లేదని ఏడవకండి. అలసిపోయిన ఛాతీకి అది ఇచ్చే విశ్రాంతితో బాగుపడి ఇంటికి వెళ్లినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

వేరే చిక్కులు రాకపోతే కమిలిన ఊపిరితిత్తి సాధారణంగా వారం, రెండు వారాల్లో తేరుకుంటుంది. విరిగిన పక్కటెముక అతుక్కోవడానికి మాత్రం ఆరు వారాలైనా పడుతుంది. బస్తాలు మోసేవాళ్లు, చెట్లెక్కేవాళ్లు, పొలం పని చేసేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మళ్లీ పనిలోకి దిగండి. ఈలోగా జ్వరం వచ్చినా, తగ్గిన ఆయాసం తిరగబెట్టినా వెంటనే చూపించుకోండి. నమస్కారం.