మైటోకాండ్రియా వ్యాధిలో కండరానికి వ్యాయామ శిక్షణ

సభికులకు నమస్కారం.

కణాల్లో ఆక్సిజన్‌తో శక్తిని పుట్టించే భాగాలే మైటోకాండ్రియా. అవి దెబ్బతినే ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది నాలుగు మెట్లెక్కగానే గుండె దడదడలాడి కూలబడతారు. రక్తం ఆక్సిజన్‌ను కండరం దాకా చేరవేసినా, దాన్ని వాడుకునే యంత్రాంగం దెబ్బతిని ఉండడంతో అందులో చాలా భాగం వాడకుండానే సిరల్లోకి వెనుదిరుగుతుంది. ఆక్సిజన్ అక్కర్లేని దారిలో శక్తిని పుట్టించుకోబోయే కండరం లాక్టేట్‌ను (లాక్టిక్ ఆమ్లపు రూపాన్ని) పోగుచేస్తుంది. ఈ ఆయాసానికి జడిసి రోగి కదలడం మానేస్తాడు. కదలిక లేకపోతే ఆరోగ్యవంతుల కండరంలోనే మైటోకాండ్రియా తగ్గిపోతాయి కనుక, రోగి పడే బాధలో కొంత జబ్బుది, కొంత విశ్రాంతిది. ఈ రెండో వాటాను తగ్గించడం మన చేతుల్లో ఉంది.

2006లో వెలువడిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో, 12 వారాల సైకిల్ శిక్షణ తర్వాత రోగుల గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సుమారు 26 శాతం పెరిగింది. అయితే అంతకు ముందే, 2001లో, ఒక సందేహం తలెత్తింది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది; చాలామంది రోగుల్లో ఒకే కణంలో మంచి డీఎన్ఏ, లోపం ఉన్న డీఎన్ఏ కలిసి ఉంటాయి. శిక్షణతో మైటోకాండ్రియా పెరిగినప్పుడు లోపం ఉన్నదే ఎక్కువగా పెరిగితే ఏమిటి గతి? అప్పట్లో కొందరు రోగుల్లో దాని వాటా పెరిగినట్టే కనిపించింది. డెన్మార్క్ అధ్యయనంలో మాత్రం అలాంటి పెరుగుదల కనబడలేదు. అందుకే ఆ భయాన్ని కొట్టిపారేయను, దానికోసం రోగిని మంచాన కూర్చోబెట్టనూ కూర్చోబెట్టను.

బరువులతో చేసే శిక్షణ కథ వేరు. పరీక్ష కోసం కండరం నుంచి తీసిన బయాప్సీ ముక్కకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆరోగ్యంగా ఉన్న కండర పోగులు గోధుమరంగు తేలుతాయి, ఆక్సిజన్‌ను వాడుకోలేని పోగులు వాటి నడుమ నీలంగా నిలబడతాయి. ఆ పోగుల అంచున శాటిలైట్ కణాలు, అంటే కండరాన్ని బాగుచేసే మూలకణాలు, నిద్రాణంగా ఉంటాయి. డీఎన్ఏలో పెద్ద ముక్క లోపించి, వంశపారంపర్యంగా కాక ఒక్కరికే వచ్చిన వ్యాధుల్లో, ఈ కణాల్లో లోపం చాలా తక్కువగానో, అసలు లేకుండానో ఉంటుంది. బరువులెత్తితే పోగులకు స్వల్పంగా గాయమై, ఈ కణాలు మేల్కొని వాటితో కలిసిపోతాయి; వాటి వెంట మంచి డీఎన్ఏ కూడా లోపలికి చేరుతుందన్నది ఆశ. 2008 నాటి అధ్యయనంలో 12 వారాలకు కాళ్ల బలం పెరిగింది, శాటిలైట్ కణాలూ పెరిగాయి. తల్లి నుంచి సంక్రమించిన మ్యుటేషన్లలో (డీఎన్ఏ మార్పుల్లో) శాటిలైట్ కణాల్లోనూ అదే లోపం ఉండవచ్చు కాబట్టి, ఈ ఆశ అందరికీ వర్తించదు.

మొదలుపెట్టే ముందు ఈసీజీ తప్పనిసరి, ఎందుకంటే ఈ వ్యాధుల్లో కొన్ని గుండె లయను దెబ్బతీస్తాయి. జ్వరంలోనూ, ఖాళీ కడుపుతోనూ వ్యాయామం వద్దు. ముదురురంగు మూత్రం వస్తే వెంటనే ఆపి వైద్యుణ్ని కలవాలి. శిక్షణ మానేస్తే, సంపాదించిన సామర్థ్యం కొద్ది వారాల్లోనే జారిపోతుంది.