ఆరున్నర పాయింట్లకే అరవై శాతం ఎందుకు?

ప్రిన్సిపాల్ గారికి, వేదికపై ఉన్న పెద్దలకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థులకు స్వాగతం పలకమని నన్ను పిలిచారు. మనసారా స్వాగతం పలుకుతూనే, నాకు దొరికిన ఈ కాస్త సమయాన్ని గ్రేడ్ పాయింట్ల సగటు గురించి చెప్పడానికే వినియోగిస్తాను, ఎందుకంటే నాలుగో సంవత్సరంలో చెబితే వినేవారికి ప్రయోజనం ఉండదు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 90 లేదా అంతకు మించి మార్కులు వస్తే ‘ఓ’ (O) గ్రేడు, దానికి 10 పాయింట్లు. 50 నుంచి 59 వరకు వస్తే బి గ్రేడు, దానికి 6 పాయింట్లు. 40కి తగ్గితే ఎఫ్, సున్నా. ఈ పాయింట్లన్నీ కూడి సబ్జెక్టుల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుందని అనుకోకండి. ప్రతి సబ్జెక్టుకూ దాని బరువును తెలిపే క్రెడిట్లు ఉంటాయి. ఉదాహరణకు, చెరి 4 క్రెడిట్లున్న రెండు థియరీ సబ్జెక్టులలో బి, చెరి 1 క్రెడిట్ ఉన్న రెండు ల్యాబులలో ‘ఓ’ వచ్చాయనుకుందాం. మామూలు సగటు 8 అవుతుంది. కానీ ప్రతి పాయింటునూ దాని క్రెడిట్లతో గుణించి, వచ్చిన 68ని మొత్తం 10 క్రెడిట్లతో భాగిస్తే అసలు సెమిస్టర్ సగటు, అంటే ఎస్‌జీపీఏ 6.8 మాత్రమే. సెమిస్టర్లన్నీ కలిపి సీజీపీఏ కట్టేటప్పుడు కూడా క్రెడిట్ల లెక్కే వర్తిస్తుంది.

ఇక్కడ నన్ను ఇప్పటికీ బాధపెట్టే ఒక సంగతి చెప్పాలి. మా విద్యార్థి ఒకడు 6.4 సీజీపీఏతో ఉద్యోగానికి దరఖాస్తు చేశాడు. కనీసం 60 శాతం కావాలన్నది ఆ సంస్థ షరతు. పదో తరగతి సీబీఎస్ఈలో చదివిన స్నేహితుడెవరో చెప్పగా 9.5తో గుణించి 60.8 అని నింపాడు. ఇంటర్వ్యూలో నెగ్గాడు, ఇంట్లో మిఠాయిలు కూడా పంచారు. తీరా ధ్రువపత్రాల పరిశీలనలో విశ్వవిద్యాలయ సూత్రం ప్రకారం లెక్క వేశారు: 6.4లోంచి 0.5 తీసివేసి పదితో గుణిస్తే 59. ఆ అబ్బాయి అబద్ధమాడలేదని నేను ఉత్తరం రాసినా వారు వినలేదు.

ఈ 0.5 ఎక్కడిదో ఆలోచించండి. 6 పాయింట్లంటే 50కీ 59కీ మధ్య ఎక్కడైనా కావచ్చు. ఆ మధ్యభాగం సుమారు 55. 7 పాయింట్లకు 65. అందుకే అర పాయింటు తీసివేస్తారు, అందుకే 60 శాతం, అంటే ప్రథమ శ్రేణి, 6.5 దగ్గర మొదలవుతుంది. 9.5 సూత్రం సీబీఎస్ఈ ఒకప్పుడు తన పదో తరగతి గ్రేడ్ల కోసం పెట్టుకున్నది. మీ డిగ్రీకి దానితో సంబంధం లేదు. అమెరికా చదువులకు వెళ్లదలచినవారు కూడా సీజీపీఏను రెండున్నరతో భాగించి నాలుగు పాయింట్ల కొలమానంలో రాసేయకండి. మార్చి ఇవ్వమని అడగకపోతే మెమోలో ఉన్న అంకెనే, పదికి అని స్పష్టంగా చూపుతూ రాయండి.

తల్లిదండ్రులారా, పిల్లవాడికి ఎంత వచ్చిందని అడిగినప్పుడు ఏయే సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లో కూడా అడగండి. పరీక్షల విభాగం వారు ముందు వరుసలోనే ఉన్నారు కనుక వారికి నా మనవి: శాతానికి మార్చే సూత్రాన్ని, అది ఏ నిబంధనావళికి, అంటే ఏ రెగ్యులేషన్‌కు వర్తిస్తుందో తెలుపుతూ, ఈ నెలలోనే ప్రతి తరగతి గది నోటీసు బోర్డులో పెట్టించండి.